బాఖ్ క్రిస్మస్ ఒరటోరియో 1–3 భాగాలు, బరోక్ వాయిద్యాలతో 415లో: ఏర్పాట్లు ఎలా?

స్టుట్‌గార్ట్_ఆల్టో:

అందరికీ నమస్కారం. డిసెంబరు మూడో వారంలో మా చర్చి కాయిర్ ఒక బరోక్ బృందంతో కలిసి బాఖ్ క్రిస్మస్ ఒరటోరియోలో మొదటి మూడు భాగాలు పాడబోతోంది. కాయిర్‌లో 26 మందిమి: సోప్రానోలు 8, ఆల్టోలు 8, టెనర్లు 4, బాస్‌లు 6. ఇప్పటిదాకా పాడినవన్నీ 440లో (అంటే ఎ స్వరం 440 హెర్ట్జ్), మామూలు ఆర్కెస్ట్రాతో. ఈసారి గట్ (జంతువుల పేగు) తీగల వయొలిన్లు, వాల్వులు లేని ట్రంపెట్లు, తోలు టింపనీ (పెద్ద నగారాలు), పిచ్ 415. సంగీతం సంగతి కండక్టర్ చూసుకుంటారు, ఏర్పాట్లు మాత్రం మా కమిటీవి.

తేలాల్సిన విషయాలు: చర్చి పెద్ద ఆర్గన్ 440లో ఉంది. కంటిన్యువోకి (ఆద్యంతం తోడుండే కింది స్వరాల వాద్యానికి) దాన్నే వాడుకోవచ్చా, పెట్టె ఆర్గన్ అద్దెకు తెచ్చుకోవాల్సిందేనా? హీటింగ్ లేకుండా చర్చిలో 9 డిగ్రీలు ఉంటుంది, ఎప్పటి నుంచి వేయించాలి? ఇంటర్వెల్ ఒకటో భాగం తర్వాత పెట్టాలా, రెండో భాగం తర్వాతా? ట్రంపెట్ల వాళ్లను రిహార్సల్లో ఎంతసేపు ఉంచుకోవచ్చు? కాయిర్‌ని 415కి ఎలా అలవాటు చేయాలి?


పెట్టె_ఆర్గన్:

పెద్ద ఆర్గన్ ఆలోచన వదిలేయండి. 415 అంటే 440కి అర్ధస్వరం కింద. మిగతా అందరూ డి మేజర్ వాయిస్తుంటే మీ ఆర్గనిస్టు సి షార్ప్ మేజర్ వాయించాలి, ఏడు షార్పులతో. మన శ్రుతి లెక్కలో చెప్పాలంటే రెండు శ్రుతి ఒకటిన్నరకి దిగినట్టు. బాఖ్ రోజుల్లో కూడా లైప్జిగ్ చర్చి ఆర్గన్ల పిచ్ మిగతా వాయిద్యాల పిచ్‌తో కలిసేది కాదు. కాకపోతే అక్కడి తేడా పూర్తి స్వరం, కాబట్టి ఆర్గన్ పార్టు ఒక స్వరం దించి సి మేజర్‌లో రాసి ఇచ్చేవారు. అర్ధస్వరం తేడాకి అలాంటి సులువు లేదు. పెట్టె ఆర్గనే తెచ్చుకోండి: 8 అడుగుల గెడాక్ట్, 4 అడుగుల ఫ్లూట్, 2 అడుగుల ప్రిన్సిపల్ అనే పైపుల వరసలు ఉంటే మీకు చాలు.

అద్దెకిచ్చేవాళ్లను ఒకటి తప్పకుండా అడగండి. ఈ ఆర్గన్లలో కీబోర్డు పక్కకి జరిపితే 415, 440, 465 మూడూ వస్తాయి. కానీ జరిపేది కీబోర్డునే, పైపులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఈక్వల్ టెంపరమెంట్‌లో (పన్నెండు అర్ధస్వరాలూ సమానంగా ఉండే శ్రుతి పద్ధతిలో) ఉంటే ఏ ఇబ్బందీ లేదు. వాలోట్టి లాంటి అసమాన టెంపరమెంట్‌ని 440లో శ్రుతి చేసి, ఆ తర్వాత 415కి జరిపితే, డి మేజర్‌కి రావాల్సిన తీపి పక్క కీలకి వెళ్లిపోతుంది, దాని గరుకు మీ పాటకి వస్తుంది. ముందు 415కి జరపాలి, ఆ తర్వాతే శ్రుతి చేయాలి. చాలా చోట్ల తప్పు జరిగేది ఇక్కడే. రిహార్సల్లో "ఆర్గన్ ఎందుకో బాగోలేదు" అనుకుంటూ అందరూ వయొలిన్ల వైపు చూస్తుంటారు.

వాలోట్టి అయితే బృందానికి అంకెలు ముందే పంపండి. ఈక్వల్‌తో పోల్చి, ఎ సున్నా అనుకుంటే: సి +6, డి +2, ఇ −2, ఎఫ్ +8, ఎఫ్ షార్ప్ −2, జి +4, బి −4, బి ఫ్లాట్ +6 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు). డి–ఎఫ్ షార్ప్ మేజర్ థర్డ్ (షడ్జమం నుంచి అంతర గాంధారం దాకా దూరం) 396 సెంట్లు, జి–బి 392, కాబట్టి డి, జి మేజర్లు ఈక్వల్ కన్నా మెత్తగా ఉంటాయి. ఒరటోరియో పాటల వరుసలో 31వ నంబరు, బి మైనర్‌లో ఉన్న ఆల్టో ఆరియాలో (ఒక్కరు పాడే పాటలో) ఎఫ్ షార్ప్ మేజర్ కార్డ్ వచ్చినప్పుడు థర్డ్ 408 దాకా వెడల్పవుతుంది. అక్కడ ఆర్గనిస్టు ఆ థర్డ్ వాయించకుండా గాయనికి వదిలేస్తే మంచిది.

ఇక చలి. పైపులో గాలి వేడెక్కితే పిచ్ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 3 సెంట్లు. 12 డిగ్రీల్లో 415కి శ్రుతి చేసి, జనం నిండి 17 డిగ్రీలైతే ఆర్గన్ 15 సెంట్లు ఎక్కి 418న్నర దగ్గర ఉంటుంది. హార్ప్సికార్డ్ కూడా పెడితే అది ఎదురు దిక్కున పోతుంది, వేడికి లోహపు తీగ సాగి పిచ్ దిగుతుంది. అందుకే ఆర్గన్‌ని కచేరీ వేళకి చర్చి ఎంత వేడిగా ఉంటుందో ఆ వేడిలోనే శ్రుతి చేయాలి, మిగతావాళ్లంతా ఆర్గన్ ఇచ్చే ఎ తీసుకోవాలి. హీటింగ్ గంటకు ఒకటి, ఒకటిన్నర డిగ్రీకి మించి ఎక్కించకండి. ఒక్కసారిగా వేడిగాలి కొడితే తేమ పడిపోయి గట్ తీగలూ చెక్క పెగ్గులూ మాట వినవు, చర్చి సొంత ఆర్గన్‌కీ హానే. 9 నుంచి 17కి రావాలంటే 6–8 గంటలు పడుతుంది. రాత్రి 7కి కచేరీ అయితే ఉదయమే మొదలుపెట్టాలి.


ఏడడుగుల_గొట్టం:

గాలి వాయిద్యాల వైపు నుంచి రాస్తున్నాను. ఇంటర్వెల్ రెండో భాగం తర్వాతే పెట్టండి. ఎందుకంటే ట్రంపెట్లకు ఒకటో భాగంలో మూడు చోట్లే పని: మొదటి కోరస్, 8వ నంబరు బాస్ ఆరియా, 9వ నంబరు కోరల్ (సంఘ కీర్తన). రెండో భాగం మొత్తం, అంటే దాదాపు 28 నిమిషాలు, ఖాళీ. మూడో భాగం మొదలయ్యేది మళ్లీ ట్రంపెట్లతోనే. ఏడడుగుల పైచిలుకు ఇత్తడి గొట్టం చల్లటి చర్చిలో అరగంట ఊరికే ఉంటే పిచ్ దిగిపోతుంది, పెదవులూ బిగుసుకుంటాయి. ఇంటర్వెల్ మధ్యలో వస్తే వెచ్చటి గదిలో ఊదుకుని వస్తారు. రెండో భాగం నడుస్తుండగా వాళ్లు వేదిక దిగి వెళ్లడానికి పక్క దారి చూపించండి, ఆ గదిలో 20 డిగ్రీలు ఉండేలా చూడండి.

ఒకటి, రెండు భాగాల మధ్య చప్పట్లు వద్దు, శ్రుతికి మూడు నిమిషాలు కావాలి. రెండో భాగం మొదట్లో వాయిద్యాలు మాత్రమే వాయించే సిన్ఫోనియాలో రెండు ఓబో డమోరెలు, రెండు ఓబో డ కాచ్చాలు (కింది స్వరాల ఓబోలు) గొర్రెల కాపరుల్లా తీగలకి జవాబు పలుకుతాయి. కాచ్చాలకి ఒకటో భాగంలో ఒక్క స్వరం కూడా లేదు. 26 నిమిషాలు చలిలో కూర్చుని, అంత బట్టబయలుగా ఉన్న చోట ఎత్తుకోవాలి. ఎత్తుకోవడం శ్రుతికి కింద ఉండటానికి కారణం ఇదే, వాయించేవాళ్ల తప్పు కాదు. వాయిద్యం కోటు లోపల పెట్టుకోవాలి, 9వ నంబరు మొదలవగానే రీడ్ తడిపి నోట్లో ఉంచుకోవాలి, శబ్దం రాకుండా గొట్టంలోకి వెచ్చటి ఊపిరి వదులుతుండాలి. వాళ్లకి గోడవైపు, తలుపు గాలి తగలని కుర్చీలు ఇవ్వండి.

ట్రంపెట్ రిహార్సల్: 1, 8, 9, 24 నంబర్లు ఒకే దఫాలో, గంట లోపల ముగించి పంపేయండి. కోరస్ పూర్తి బలంతో రెండుసార్లు చాలు. కాయిర్ తప్పులు దిద్దుకోవడానికి మూడోసారి, నాలుగోసారి వాయించమంటే ఆ ఖరీదు సాయంత్రం 8వ నంబరులో చెల్లించాల్సి వస్తుంది. మొదటి ట్రంపెట్‌కి అది చాలా బయటపడే చోటు, పక్కన ఇంకో ట్రంపెట్ ఉండదు.

శ్రుతి గురించి కాయిర్‌కి కూడా తెలియాలి. వాల్వులు లేని గొట్టంలో వచ్చేది సహజ హార్మోనిక్ శ్రేణి మాత్రమే. 11వ హార్మోనిక్ శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ సరిగ్గా నడుమ పడుతుంది, దేనికైనా దాదాపు 50 సెంట్లు తేడా. 13వది ధైవతానికి 59 సెంట్లు కింద. వీటిని పెదవితో వంచి సరిచేస్తారు. ఇవాళ ఎక్కువమంది గొట్టానికి మూడు నాలుగు చిన్న రంధ్రాలున్న ట్రంపెట్ వాడతారు. ఆ రంధ్రాలు 20వ శతాబ్దపు ఏర్పాటు, బాఖ్ వాద్యకారులకి లేవు. అయినా అవి ఉన్న ట్రంపెట్‌కే ఒప్పుకోండి. డిసెంబరులో ఒక్క రిహార్సల్‌తో కచేరీ చేసేటప్పుడు పంతం పనికిరాదు.

టింపనీ రెండే, డి, ఎ. పెడల్ ఉండదు, చుట్టూ మరలు తాళంచెవితో తిప్పాలి. దూడతోలు ఎలా ప్రవర్తిస్తుందో మృదంగం ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు: తేమకి వదులై దిగుతుంది, దీపాల వేడికి బిగిసి ఎక్కుతుంది. కాబట్టి టింపనీ మీద వేడి స్పాట్‌లైట్ వద్దు. మొత్తం ఒరటోరియో మొదలయ్యేదే టింపనీ ఒంటరి దెబ్బలతో. ఆర్కెస్ట్రా శ్రుతి అయ్యాక స్వాగత వచనాలు, స్పాన్సర్లకి ధన్యవాదాలు అంటూ ఐదారు నిమిషాలు తింటే ఆ తోలు కదిలిపోతుంది. మాటలన్నీ శ్రుతికి ముందే ముగించండి.


మూడో_డెస్క్_వయొలా:

రంధ్రాల విషయంలో నేను అంత తేలిగ్గా తీసుకోను. రంధ్రాలు లేకుండా వాయించగలవాళ్లు ఇప్పుడు ఉన్నారు, ఆ నాదం గుండ్రంగా ఉంటుంది, కాయిర్‌ని ముంచదు. అయితే అది వాద్యకారుడి నిర్ణయం, కమిటీ షరతు కాకూడదు. ఆ మాట వరకు ఒప్పుకుంటాను.

తీగల వైపు: మొదటి వయొలిన్లు 3, రెండో వయొలిన్లు 3, వయొలాలు 2, చెల్లోలు 2, వియొలోనె (పెద్ద బాస్ తీగ వాద్యం) 1, తోడుగా గాలి వాయిద్యం బసూన్ 1. 26 మంది కాయిర్‌కి ఇది చాలు. సాదా గట్ ఇ తీగ పోగులు లేస్తుంది, ఒక్కోసారి పాట మధ్యలో తెగుతుంది. ప్రతివాళ్లూ రెండు అదనపు తీగలు తెచ్చుకుంటారు, కానీ కొత్త గట్ తీగ సాగి నిలబడటానికి గంటలు పడుతుంది. అందుకే ముందు డెస్క్‌లో (ఒకే స్టాండ్ పంచుకునే జంటలో) తీగ తెగితే వెనక డెస్క్ వయొలిన్ చేతులు మారుతుంది. ఇది ముందే అనుకుని ఉంచుకోవాలి.

తేమ 45 శాతానికి తగ్గకుండా చూడండి. పార్టులు మార్చనవసరం లేదు, 415లో అందరూ అచ్చులో ఉన్న స్వరాలే చదువుతారు. కాయిర్, ఆర్కెస్ట్రా మాత్రం ఒకే ఎడిషన్ వాడాలి, బేరెన్‌రైటర్ ప్రచురణ అయితే ఇద్దరికీ అదే ఉండాలి. బార్ నంబర్లు, అక్షరాలు కలవకపోతే రిహార్సల్లో పావుగంట అక్కడే పోతుంది.


స్టుట్‌గార్ట్_ఆల్టో:

అందరికీ ధన్యవాదాలు. ఇంకో చిక్కు: బడ్జెట్ కొంత తగ్గించమంటున్నారు. కాచ్చాలు ఇద్దరికీ రెండో భాగంలోనే పని కదా, వాళ్ల బదులు మామూలు ఇంగ్లిష్ హార్న్‌లు పెట్టవచ్చా? లేదా రెండో భాగం తీసేసి, ఐదో భాగం చేయవచ్చా? దానికి ఓబో డమోరెలు, తీగలు చాలంటున్నారు. కాయిర్ ప్రశ్నకి కూడా ఎవరైనా జవాబు చెప్పండి.


ఏడడుగుల_గొట్టం:

ఇంగ్లిష్ హార్న్ 440కి చేసిన వాయిద్యం. 415కి దించలేరు, అర్ధస్వరం మార్చి వాయించినా ఆ గొట్టం నాదం వేరు. కాచ్చా వంపు తిరిగిన చెక్క గొట్టం, పైన తోలు, చివర ఇత్తడి గంట (వెడల్పాటి మూతి). లైప్జిగ్‌లో ఐఖెన్‌టోప్ఫ్ అనే వాయిద్యాల తయారీదారు చేసినవి స్టాక్‌హోమ్, కోపెన్‌హాగన్ మ్యూజియంలలో ఉన్నాయి, ఇవాళ్టి నకళ్లకి అవే నమూనా. సిన్ఫోనియా పసందంతా ఆ గంటలోంచి వచ్చే బొంగురు తీపిలోనే ఉంది. కోత ఇంకెక్కడైనా పెట్టండి.


సోప్రానో_శిక్షణ:

రెండో భాగం తీసేస్తే కథ తెగుతుంది. దేవదూత కాపరులకి వార్త చెప్పేది అందులోనే, మూడో భాగంలో వాళ్లు బేత్లెహేముకి బయల్దేరతారు. వార్త వినకుండానే బయల్దేరినట్టవుతుంది. ఐదో భాగం హేరోదు, జ్ఞానుల కథ. దాన్ని మధ్యలో పెట్టినా, చివర పెట్టినా అతకదు.

సోలోయిస్టుల్లో మిగుల్చుకోవచ్చు. మొదటి మూడు భాగాల్లో సోప్రానోకి ఒక్క ఆరియా కూడా లేదు: 13వ నంబరులో దేవదూత మాటలు, 29వ నంబరులో బాస్‌తో డ్యుయెట్, అంతే. 7వ నంబరులో బాస్ రెసిటేటివ్ (మాటలా సాగే పాట) నడుమ వచ్చే కోరల్ వరసని కాయిర్ సోప్రానోలే పాడవచ్చు, నిజానికి అలాగే బావుంటుంది. మీలో మంచి గొంతు ఒకటి ఉంటే 13, 29 కూడా ఆవిడకే ఇవ్వండి. సువార్తికుడిగా (బైబిల్ కథ చెప్పే పాత్రగా) పాడే టెనర్‌నే 15వ నంబరు ఆరియాకి కూడా అడగండి. పిలిచే ముందే ఆ ఆరియా పేరు చెప్పండి. ఫ్లూట్‌తో పోటీపడే చిన్న స్వరాల పరుగులు అందరు సువార్తికులకీ నప్పవు. ఆల్టోకి మాత్రం అనుభవం ఉన్నవాళ్లే కావాలి. 4, 19, 31 మూడూ పెద్ద ఆరియాలు, 19 ఒక్కటే తొమ్మిది పది నిమిషాలు.

అప్పటికీ డబ్బు చాలకపోతే ఒరటోరియో ముక్కలు చేయకుండా కార్యక్రమమే మార్చండి. ఐదో భాగం 24 నిమిషాలు. కొరెల్లి ఓపస్ 6లో 8వ కొన్‌చెర్టో, క్రిస్మస్ రాత్రి కోసమే రాసింది, తీగలు చాలు, పావుగంట. షార్పాంటియే అర్ధరాత్రి మాస్, ఫ్రెంచి క్రిస్మస్ పాటల వరసల మీద కట్టింది, ఫ్లూట్లు, తీగలు, ఆర్గన్, 25 నిమిషాలు. షార్పాంటియేని కొందరు 392లో చేస్తారు, మీరు అన్నీ 415లోనే ఉంచండి. ఒక్క రాత్రిలో రెండు పిచ్‌లు పెట్టుకుంటే ఆర్గన్ మళ్లీ శ్రుతి చేయాలి.

ఇప్పుడు కాయిర్. మొదటి రోజు నుంచే డిజిటల్ పియానోని అర్ధస్వరం కిందికి ట్రాన్స్‌పోజ్ చేసి నేర్పండి. 440లో నేర్చుకుని చివరి వారం దింపితే గొంతులో గుర్తున్న చోట్లు అన్నీ తప్పుతాయి. పర్ఫెక్ట్ పిచ్ ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు, వాళ్లకి అలవాటు పడటానికి ఎక్కువ వారాలు కావాలి. 415తో టెనర్లు, సోప్రానోలు సుఖపడతారు, ఆల్టోలు, బాస్‌లు కింద నలుగుతారు. 17వ నంబరు కోరల్ సి మేజర్‌లో అసలే కింద ఉంది, ఇప్పుడు ఇంకా కిందికి పోతుంది. అక్కడ బలం కోసం నొక్కొద్దు, హల్లులు స్పష్టంగా పలికితే చాలు.

మొదటి కోరస్‌లో కాయిర్ ప్రవేశం యూనిసన్‌లో (అందరూ ఒకే స్వరం), కింది స్థాయిలో ఉంటుంది. కారణం ఉంది. ఈ సంగీతం 1733 డిసెంబరులో సాక్సనీ పాలకుడి భార్య మరియా జోసెఫా పుట్టినరోజుకి రాసిన కాంటాటా నుంచి తెచ్చుకున్నది. అక్కడ మాటలు "మోగండి, నగారాలారా" అని ఉండేవి, గొంతులు టింపనీని అనుకరించేవి. సోప్రానోలకి అక్కడ వినపడే శక్తి ఉండదు, ఉండక్కర్లేదు. ఆల్టోలూ మగ గొంతులూ మోస్తాయి. సోప్రానోలు తోసి పాడితే తర్వాతి పై స్వరాలకి గొంతు బిగుస్తుంది. 3/8ని ఒక్క బీట్‌గా లెక్కపెట్టించండి, మూడు కొడితే బరువెక్కుతుంది.

అన్నిటికన్నా ముందు 21వ నంబరు దేవదూతల కోరస్ మొదలుపెట్టండి. మిగతా కోరస్‌లు మూడు వారాల్లో పట్టుబడతాయి, ఇది పట్టుబడదు. ముందు స్వరం లేకుండా మాటలు లయలో పలికించండి, తర్వాత నెమ్మదిగా, శబ్దం తగ్గించి. "భూమి మీద శాంతి" అన్న మాటల దగ్గర సంగీతం ఒక్కసారి మెత్తబడి వివాదిస్వరాలు వస్తాయి. శ్రుతి జారేది అక్కడే. ఆ బార్లు ఆర్గన్‌తో ఒక్కో కార్డ్ ఆపి సరిచూసుకోవాలి.

కోరల్‌లలో ఫెర్మాటా (స్వరం మీద చుక్క, విల్లు గుర్తు) కనిపించిన చోటల్లా సాగదీయకండి. అది పంక్తి ముగిసిందని గుర్తు. 5వ నంబరు వరస గుడ్ ఫ్రైడే ఆరాధనలో "ఓ సేక్రెడ్ హెడ్" పాడేవాళ్లకి బాగా తెలుసు, అలవాటుకొద్దీ దాన్ని ఏడుస్తున్నట్టు పాడతారు. ఇక్కడ అది రాబోయేవాణ్ణి ఎలా ఎదుర్కోవాలి అని అడిగే ప్రశ్న, నడక వేగంలో సాగాలి. 9, 17, 23 మూడూ ఒకే వరస, లూథర్ క్రిస్మస్ పాట. ఒకసారి ట్రంపెట్లతో, ఒకసారి ఉత్తగా, ఒకసారి సిన్ఫోనియా ఊపుతో. మూడూ పక్కపక్కన ఒకే రోజు నేర్పితే పని సగం తగ్గుతుంది.


మూడో_డెస్క్_వయొలా:

26 మంది ఎక్కువేమో అని ఎవరైనా అంటే కంగారు పడొద్దు. 1730 ఆగస్టులో బాఖ్ నగర మండలికి ఇచ్చిన వినతిపత్రంలో ఒక కాయిర్‌కి కనీసం 12 మంది, 16 అయితే మేలు అన్నాడు. ఒక్కో గొంతు పార్టుకి ఒక్కరే పాడేవారని కండక్టర్, పరిశోధకుడు జాషువా రిఫ్కిన్ 1981లో వాదించాక ఆ గొడవ ఇంకా తెగలేదు. మీకు కావాల్సింది సమతూకం. ట్రంపెట్లు, టింపనీ కాయిర్ వెనక కాకుండా ఒక పక్కన, ట్రంపెట్ల మూతులు జనం వైపు కాక అడ్డంగా తిరిగేలా పెడితే నలుగురు టెనర్లు వినపడతారు. సోప్రానోలు 8 మందీ ఎప్పుడూ పాడక్కర్లేదు, కోరల్‌లలో 6 చాలు.


పెట్టె_ఆర్గన్:

ఆ రోజు వేళలు, కచేరీ రాత్రి 7కి అనుకుంటే: ఉదయం 8కి హీటింగ్ మొదలు. 11కి ఆర్గన్ వచ్చి తన చోట నిలబడాలి. చల్లటి వ్యాన్లోంచి దిగిన పైపులు వాతావరణానికి అలవాటు పడేదాకా, కనీసం రెండు మూడు గంటలు, ముట్టుకోవద్దు. 2కి కీబోర్డు 415కి జరిపి శ్రుతి. ముప్పావు గంట పూర్తి నిశ్శబ్దం కావాలి: కుర్చీలు జరపడం, వాక్యూమ్, పూల అలంకరణ ఏవీ వద్దు. పైపుని చేత్తో పట్టుకుంటే వేడెక్కి పిచ్ పెరుగుతుంది, అది ట్యూనర్‌కి తెలుసు, సాయం చేసే వాలంటీర్లకి తెలియదు. 3కి తీగలు, కాయిర్, ఓబోలు. 4 నుంచి 5 దాకా ట్రంపెట్లు, టింపనీ. ఆ తర్వాత వేదిక ఖాళీ. 5:45కి ఎ, డి, జి ఆక్టేవులు మళ్లీ సరిచూడాలి, తలుపులు 6:15 తర్వాతే తెరవాలి.

చర్చి వాళ్లతో ఇంకోటి ముందే మాట్లాడుకోండి: జనం లోపలికి వచ్చాక హీటింగ్ ఫ్యాన్ ఆపేయాలి. ఆ సొద సిన్ఫోనియా మీద పడుతుంది, పైగా 300 మంది ఒంటి వేడే చర్చిని ఇంకా ఎక్కిస్తుంది. ఇంటర్వెల్లో ఆర్గన్ ఎ మీద ట్యూనర్ మీటర్ పెట్టి చూడండి. 417 దాటి ఉంటే దాన్ని దించే పని పెట్టుకోకండి, మూడో భాగానికి అందరూ ఆ కొత్త ఎ స్వరానికే శ్రుతి చేసుకోవాలి.